నెహెమ్యా గ్రంథములో 'మేము' : సామూహిక పాపాంగీకారమును గూర్చిన పరిశీలనము

తెలుగు వ్యాకరణమును బోధించు వారందరును ఉత్తమపురుష బహువచనమునకు రెండు రూపములు గలవని చెప్పుదురు. వినువానిని కలుపుకొని చెప్పునపుడు 'మనము', వానిని విడిచి చెప్పునపుడు 'మేము'. కాల్డ్‌వెల్ 1856లో ప్రకటించిన ద్రావిడ భాషా వ్యాకరణములో ఈ భేదమును చర్చించియున్నాడు. సంస్కృతమున ఇది లేదు. హీబ్రూ గ్రీకు భాషలలోను లేదు. మన పొరుగుననున్న కన్నడము కూడ నేడు దీనిని పాటించుట లేదు. తరగతిలో పాఠము సాధారణముగా ఇంతటితో ముగియును. కాని ఒక జనసమూహమంతయు నిలువబడి దేవుని యెదుట తన పాపమును ఒప్పుకొను ఘట్టమును తెలుగున చెప్పవలసివచ్చినపుడు ఈ చిన్న భేదము వ్యాకరణపు హద్దులో నిలువదు. ఎవరు ఎవరితో మాటాడుచున్నారు, ఎవరు ఆ మాటలో చేరినారు, ఎవరు తప్పించుకొన్నారు అను ప్రశ్నలను అది ప్రతి వాక్యమునందును లేవనెత్తును. ఈ దృష్టితో పాతనిబంధనలోని నెహెమ్యా గ్రంథమును, ముఖ్యముగా దాని 9వ అధ్యాయమందలి ప్రార్థనను, పరిశీలించుట ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

మొదట భేదము స్పష్టముగా కనబడు చోటొకటి చూపవలెను. విలాపవాక్యముల గ్రంథములో 3వ అధ్యాయము 40, 41, 42 వచనములు వరుసగా నున్నవి. మొదటి రెండు వచనములలో కవి తనవారిని ఉద్దేశించి, నడచిన త్రోవలను పరీక్షించి చూచుకొని దేవునివైపునకు మరలుదమని పిలుచుచున్నాడు. మూడవ వచనమున పిలుపు ముగిసినది; మాట దేవునివైపు తిరిగినది; ద్రోహము చేసినామను ఒప్పుకోలు వచ్చినది. హీబ్రూ మూలమున ఈ మూడింటను ఉత్తమపురుష బహువచనము ఒక్కటే. తెలుగు అనువాదమున మొదటి రెంటియందు 'మన', 'మనము' అనియు, మూడవ దానియందు 'మేము' అనియు కలదు. ఒక అడుగు దూరమున సర్వనామము మారిపోయినది. జనులు ఒకరి ముఖము నొకరు చూచుకొనుట మాని అందరును ఒక దిక్కునకు తిరిగిన క్షణమును తెలుగు చదువరి ఆ ఒక్క మార్పు వలన చూడగలుగుచున్నాడు.

అనువాదకులకు ఇందు స్వేచ్ఛ యేమున్నది, భాష బలవంతము చేసినది గనుక వారట్లు వ్రాసిరి, దీనిని కవితాగుణముగా ఎంచుట తగదు అని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము కొంతవరకు నిజమే. హీబ్రూ కవి తలపనిదానిని ఆయన తలపునకు అంటగట్టరాదు. అయినను, మూలమున మౌనముగానున్న సంబంధమును అనువాదభాష పైకి తెచ్చి చూపుట యొకటున్నది. ఇరువురితో చేసిన సంభాషణలను ఒకే స్వరమున పలికిన గ్రంథమును, ఆ ఇద్దరెవరో తేల్చి చెప్పక వీలులేని భాషలో చదువునపుడు గ్రంథపు కీళ్లు కనబడును. విమర్శకునకు అంతమాత్రము చాలును.

తెలుగు వాక్యమున మరియొక సూక్ష్మమున్నది. 'పాపము చేసితిమి' అన్నచో క్రియారూపమును బట్టి అది 'మేము' అయినదో 'మనము' అయినదో తెలియదు. రెంటికిని క్రియాంతము ఒక్కటే. 'మా', 'మన' అను షష్ఠీరూపములో, 'మమ్ము', 'మనలను' అను ద్వితీయా రూపములో వచ్చినపుడు గాని గుట్టు బయటపడదు. సభలలో నేను విన్న ప్రార్థనలలో, దేవుని సంబోధించుచునే 'మనలను క్షమింపుము' అని జారిపోవుట పలుమార్లు తటస్థించినది. వక్త మొగము దేవునివైపున్నను మనస్సు శ్రోతలవైపున్నదని ఆ జారుపాటు తెలుపుచున్నది. అర్థమును కచ్చితముగా పట్టిచూచినచో అట్టి ప్రార్థన దేవుని కూడ క్షమింపబడవలసిన వారిలో చేర్చుచున్నది! దీనిని ఎగతాళిగా ఎత్తి చూపుట నా ఉద్దేశము కాదు. ఒప్పుకోలు బోధలోనికి ఎంత సులభముగా జారునో చూపుటయే నా ఉద్దేశము.

తెలుగు భక్తికవిత్వమున దోషమును విన్నవించుకొనుట కొత్త కాదు. ధూర్జటి కాళహస్తీశ్వర శతకమును, కంచెర్ల గోపన్న దాశరథీ శతకమును, త్యాగరాజస్వామి గౌళరాగ కృతియు ఇందుకు సాక్ష్యములు. త్యాగయ్య ఆ కృతిలో తన దుష్ప్రవర్తనములను చరణము వెంట చరణముగా ఏకరువు పెట్టిన తీరు మన సాహిత్యమున ఒప్పుకోలునకు శిఖరమని చెప్పవచ్చును. కాని వీరందరి స్వరమును ప్రధానముగా ఏకవచనమే. నేను, నా తప్పు, నీ దయ. శతక మకుటము ఒక భక్తునికిని ఒక దైవమునకును నడుమ వేసిన వంతెన. దానిపై రెండవవాడు నడచుటకు చోటు తక్కువ. పురుషోత్తమ చౌదరి (1803-1890) క్రైస్తవ కీర్తనలను రచింపబూనినపుడు పల్లవి, అనుపల్లవి, చరణముల చట్రముతోపాటు ఈ ఏకవచనమును కూడ ఆ సంప్రదాయమునుండి గ్రహించెను. తెలుగు క్రైస్తవ కీర్తన ఆర్తియందు గట్టిపడుటకు ఇది ముఖ్యకారణము. ఊరి యొప్పుకోలు, సంఘపు టొప్పుకోలు, తరతరముల యొప్పుకోలు అను విషయములలో అది బక్కపలుచగా ఉండుటకును ఇదియే కారణమని నా అభిప్రాయము.

బహువచనపు టొప్పుకోలు భారతదేశమునకు బొత్తిగా తెలియదనుటయు పొరపాటే. ఋగ్వేదము 7వ మండలమందలి 86వ సూక్తములో వసిష్ఠుడు వరుణునితో తన యెడబాటును గూర్చి ఏకవచనమున మొరపెట్టుకొనుచు, నడుమ ఒక ఋక్కులో హఠాత్తుగా బహువచనమునకు మారి, తండ్రులు చేసిన ద్రోహములనుండియు తాము స్వయముగా చేసిన వానినుండియు విడిపింపుమని వేడుకొనుచున్నాడు. పితరుల తప్పును తమ తప్పును ఒక్క వేడుకోలునందు జతపరచుట అను ఈ లక్షణమే నెహెమ్యా గ్రంథమున విస్తరించి కనబడును. రెంటికిని సంబంధము కల్పించుట నా పని కాదు. మనుష్యుడు తన దోషమును గూర్చి కొంతదూరము ఆలోచించిన పిదప అది తనతో మొదలు కాలేదని కనుగొనుట సహజమని మాత్రము చెప్పవచ్చును.

ఇక గ్రంథమునకు వత్తము. నెహెమ్యా పారసీక చక్రవర్తియైన అర్తహషస్తకు పానపాత్ర నందించు కొలువుకాడు. ఆ చక్రవర్తి పాలన 20వ సంవత్సరమున, అనగా క్రీ. పూ. 445 ప్రాంతమున, యెరూషలేము గోడలు కూలియున్నవనియు గుమ్మములు కాలియున్నవనియు అతడు విన్నాడు. వినిన వెంటనే చేసిన ప్రార్థన 1వ అధ్యాయములో ఉన్నది. ఇశ్రాయేలీయుల పాపమును ఒప్పుకొనుచు, తానును తన తండ్రి యింటివారును పాపము చేసినవారమని అతడు చేర్చుచున్నాడు. గోడలు కూలినది అతని దోషము వలన గాదు. అతడు దూరదేశమున రాజనగరులో సుఖముగా నున్నవాడు. అట్టివాడు తన యింటిని పేర్కొని లోపలికి నడచివచ్చినాడు. ఎజ్రా గ్రంథము 9వ అధ్యాయములోను ఇట్టిదే జరిగినది. అన్యస్త్రీలను వివాహమాడినది జనులు. సిగ్గుపడి తలయెత్తలేకపోయినది ఎజ్రా. అతని ప్రార్థన 'నేను' అని మొదలై ఆ వాక్యము ముగియకమునుపే 'మా దోషములు' అని మారినది. పాపము చేయనివాడు 'మేము' అని పలుకుటయే ఈ వర్గపు ప్రార్థనలకు ప్రాణము. నెహెమ్యా మొదటి ప్రార్థనలోని ఈ 'నేనును' అను మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. గ్రంథము చివర దానితో పని యున్నది.

గోడ కట్టుట ముగిసినది. ఏడవ నెల మొదటి దినమున జనులు నీటి గుమ్మము ఎదుటి మైదానమున కూడిరి. ఎజ్రా ఉదయమునుండి మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రమును చదివెను. లేవీయులు అర్థము చెప్పిరి. జనులందరు విని ఏడ్చిరి. ఉజ్జీవ సభలను గూర్చి నేడు వ్రాయువారు ఈ ఏడుపువద్దనే ఆగిపోవుదురు. ఏడ్చిరి గనుక పశ్చాత్తాపపడిరని వారి తీర్మానము. గ్రంథకర్త తీర్మానము వేరు. నాయకులు జనులను ఏడువవద్దని వారించిరి. ఆ దినము పరిశుద్ధమైనదనియు, వెళ్లి తిని త్రాగి, లేనివారికి భాగములు పంపుడనియు చెప్పిరి. పిమ్మట ఏడు దినముల పర్ణశాలల పండుగ జరిగినది. ఆ తరువాత, 24వ దినమున, జనులు ఉపవాసముండి గోనెపట్టలు కట్టుకొని తలపై ధూళి పోసికొని కూడిరి. పగటిలో నాలుగవ వంతు ధర్మశాస్త్ర పఠనము, మరి నాలుగవ వంతు ఒప్పుకోలును ఆరాధనమును. మొదటి దినపు కన్నీటికిని ఈ దినపు ఒప్పుకోలునకును నడుమ ఇరువదిమూడు దినములు గడచినవి. ఆ వ్యవధి కథనమున ప్రమాదవశమున పడినది కాదనియు, కన్నీరు మాటగా మారుటకు పట్టిన కాలమనియు నేను తలంచుచున్నాను.

ఈ సందర్భమున తెలుగు మాటలను గూర్చి కొంచెము ముచ్చటింపవలసియున్నది. మన బైబిలు అనువాదమున 'పశ్చాత్తాపము' ఒకటి, 'మారుమనస్సు' మరియొకటి. యేసును అప్పగించిన యూదాను గూర్చి చెప్పునపుడు మత్తయి సువార్త 27వ అధ్యాయములో పశ్చాత్తాపపడినాడని యున్నది. బాప్తిస్మమిచ్చు యోహాను పిలుపునందు మాత్రము మారుమనస్సు పొందుడని యున్నది. గ్రీకులోని రెండు వేరు క్రియలకు ఇవి అనువాదములు. తరువాత కలుగు తాపము ఒకటి, మనస్సు మారుట ఒకటి. యూదాకు మొదటిది కలిగినది. ఏడవ నెల మొదటి దినమున జనులకు కలిగినదియు అదియే. 'ఉజ్జీవము' అను మాట వైష్ణవ పరిభాషలో ఆత్మోద్ధరణార్థమున చిరపరిచితము. తెలుగు క్రైస్తవులు దానిని సంఘమునకు మరల ప్రాణము వచ్చుట అను అర్థమున వాడుకొనుచున్నారు. కీర్తనల అనువాదకులు మాత్రము 'బ్రదికించు' అను అచ్చతెలుగు క్రియను ఎన్నుకొనిరి. నాకు ఈ రెండవదే ఇష్టము. అందు ఆర్భాటము లేదు.

'ఒప్పుకొను' అను మాట వీటన్నిటికంటె విచిత్రమైనది. ఒప్పునకు విరుద్ధము తప్పు. అయినను తెలుగువాడు తప్పును 'ఒప్పుకొనును'. తప్పు తప్పే యని ఇతరుడన్నదానికి తానును సమ్మతించుట ఆ మాటలోని భావము. గ్రీకు మూలపదమునకును 'అదే మాట పలుకుట' అనియే వ్యుత్పత్తి. తెలుగు కతోలికులు దీనినే 'పాపసంకీర్తనము' అందురు. పరులు విని ఆశ్చర్యపడుదురు, పాపమునకు సంకీర్తనమేమిటి? కాని హీబ్రూలో ఒప్పుకొనుటకును స్తుతించుటకును ధాతువు ఒక్కటే. లాటినులో అగస్టీను తన గ్రంథమునకు పెట్టిన పేరునందును ఈ రెండర్థములు కలవు. ఈ 'సంకీర్తనము' ఎవరు కల్పించిరో గాని, మూలమందలి జంట యర్థమును ఇంత చక్కగా పట్టిన తెలుగు మాట మరియొకటి లేదు. నెహెమ్యా 9వ అధ్యాయపు ప్రార్థనకు తగిన పేరు అదియే. ఏలన, ఆ ప్రార్థన ఒప్పుకోలని పేరుపడినను చాలవరకు స్తుతియే.

ప్రార్థనను పలికినవారు లేవీయులు. ప్రాచీన గ్రీకు అనువాదమున మాత్రము ఎజ్రా పలికినట్లు చేర్చబడినది. ఒక మహనీయుని నోట పెట్టవలెనను కోరిక సహజమే యైనను, హీబ్రూ పాఠమున ఇది ఒక వ్యక్తికి చెందక గుంపునకు చెందుటయే మేలుగానున్నది. ఆరంభమున కర్త 'నీవు'. ఆకాశమును భూమిని సముద్రమును చేసినవాడవు నీవు, అబ్రాహామును ఏర్పరచుకొన్నవాడవు నీవు, సముద్రమును చీల్చినవాడవు నీవు. 'మా పితరులు' 9వ వచనమున ఐగుప్తులో శ్రమపడుచు కర్మస్థానమున ప్రవేశింతురు. 16వ వచనమున వారు కర్తలగుదురు. కర్తలగుటతోడనే గర్వించిరి, మెడ వంచకపోయిరి. ఆ తరువాత వాక్యములు ఊయలవలె 'నీవు', 'వారు' అను రెండు కొనల నడుమ ఊగును. వారు పోతదూడను చేసికొన్నారు, నీవు విడువలేదు. నలువది యేండ్లు వారి వస్త్రములు పాతగిలలేదు, కాళ్లు వాయలేదు. త్రవ్వియున్న బావులు, నాటియున్న తోటలు వారికి దొరకినవి; తిని క్రొవ్విరి; ధర్మశాస్త్రమును వీపు వెనుకకు పారవైచిరి; ప్రవక్తలను చంపిరి. శత్రువుల చేతికి చిక్కిరి, మొరపెట్టిరి, నీవు వింటివి. మరల అదియే జరిగినది. 27వ వచనము మొదలు 31వ వచనము వరకు ఈ చక్రము తిరుగుచునే యుండును. చదువరికి విసుగు పుట్టును. ఆ విసుగు గ్రంథకర్త కోరినదే అయియుండును.

ఇంతవరకు పాపము చేసినవారందరు 'వారు'. వినుచున్నవాడు హాయిగా విన్నాడు. 32వ వచనమున 'ఇప్పుడు' అను మాట వచ్చినది. అష్షూరు రాజుల కాలము మొదలు నేటి వరకు మామీదికి వచ్చిన శ్రమను అల్పముగా ఎంచవద్దని వేడుకొన్నారు. 33వ వచనమున, మామీదికి వచ్చిన దానియందెల్ల నీవు న్యాయవంతుడవని ఒప్పుకొని, దుర్మార్గులమైనది మేమే యని చెప్పినారు. హీబ్రూలో ఇక్కడ సర్వనామమును క్రియకు ముందు విడిగా పలికినారు. క్రియారూపముననే పురుషబోధ కలుగుచుండగా సర్వనామము అక్కరలేదు, అయినను పలికినారు. ఈ మొత్తము ప్రార్థనలో ఉత్తమపురుష బహువచనమున పాపమును ఒప్పుకొను సమాపకక్రియ ఇది యొక్కటే. 34వ వచనమున మరల రాజులు, అధిపతులు, యాజకులు, పితరులు కర్తలైరి. 37వ వచనమున 'మా పాపముల' ప్రస్తావన యున్నను అది కారణముగా వచ్చినదే గాని క్రియగా రాలేదు. ముప్పదికి మించిన వచనముల ఒప్పుకోలులో ఒక్క క్రియ!

దానియేలు గ్రంథము 9వ అధ్యాయపు ప్రార్థనను దీని ప్రక్కన పెట్టి చూచినచో భేదము తెలియును. అచట 5వ వచనమొక్కటియే పాపము చేసితిమి, దోషులమైతిమి అని మొదలుపెట్టి ఐదు క్రియలను వెంటవెంట గుప్పించినది. యూదులు ప్రాయశ్చిత్త దినమున నేటికిని పలుకు ఒప్పుకోలునందు ఈ పద్ధతి పరాకాష్ఠ నందినది. అచట హీబ్రూ అక్షరమాల మొదటి అక్షరమునుండి చివరి అక్షరమువరకు ఒక్కొక్క అక్షరముతో మొదలగు క్రియను బహువచనమున పలుకుదురు. తాను చేయని పాపమును కూడ ప్రతివాడును నోట పలుకును, సమూహములో ఎవడో ఒకడు చేసియుండును గనుక. క్రియల రాశి పెరిగినకొలది ఆర్తి పెరుగుననుట నిజము. అయినను నాకు లేవీయుల పొదుపు ఎక్కువ శక్తివంతముగా తోచుచున్నది. వేయి యేండ్ల చరిత్రను 'వారి'పై మోపుకొనుచు వచ్చి, ఒక్క క్రియతో ఆ బరువంతయు తమ తలపైకి ఎత్తుకొన్నారు. అంత దూరము నడిపింపనిచో ఆ ఒక్క మాటకు అంత బలము రాదు.

ఇంతగా మెచ్చుకొన్న పిమ్మట లోపమును కూడ చెప్పవలెను. 36, 37 వచనములలో లేవీయులు తమ స్థితిని చెప్పుకొన్నారు. మా పితరుల కిచ్చిన దేశమునందే మేము దాసులమైతిమి, భూమి పంట మామీద నియమింపబడిన రాజులకు పోవుచున్నది, వారు మా దేహములను మా పశువులను తమ ఇష్టము చొప్పున ఏలుచున్నారు అని వారి మొర. కాని నాలుగు అధ్యాయములకు వెనుక, 5వ అధ్యాయములో, బీదలైన యూదులు పెట్టిన మొర వేరు. కరవులో ధాన్యము కొరకు పొలములను తోటలను ఇండ్లను తాకట్టు పెట్టితిమి, రాజుపన్ను కట్టుటకు అప్పు చేసితిమి, కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించితిమి అని. అప్పు ఇచ్చినవారు పారసీకులు కారు; తోటి యూదులు. అచట నెహెమ్యా ప్రధానులను గద్దించుచు, తానును తన బంధువులును అట్లే అప్పులిచ్చినవారమని ఒప్పుకొని, పొలములతోపాటు నూటికి ఒకటి చొప్పున పుచ్చుకొన్న దానిని కూడ తిరిగి ఇప్పించెను. దేహములను పశువులను ఏలినవారిలో మనవారును ఉండిరను ఈ సత్యము 9వ అధ్యాయపు ప్రార్థనలో లేదు. 'మేము' అను మాట దేవుని యెదుట అందరిని ఒక్క వరుసలో నిలుపును. ఆ వరుసలో అప్పిచ్చి పొలమును కాజేసినవాడును, పొలమును పోగొట్టుకొన్నవాడును భుజము భుజము తాకించుకొని నిలుతురు. ఇద్దరిని సమానముగా దోషులను చేయు ఒప్పుకోలు వారిలో ఒకనికి మాత్రమే లాభకరము.

'మేము' వెలివేయునది దేవుని మాత్రమే కాదు. ఒప్పుకోలునకు ముందు, 2వ వచనమున, ఇశ్రాయేలు సంతతివారు అన్యులందరినుండి తమ్మును వేరుపరచుకొన్నారు. ఎజ్రా గ్రంథము 10వ అధ్యాయపు ఘట్టమున ఆ వేరుపాటు భార్యలను బిడ్డలను పంపివేయు నిర్ణయముగా పరిణమించినది. ఆ స్త్రీల స్వరము గ్రంథమున ఎక్కడను లేదు.

అందుచేతనే 10వ అధ్యాయము నాకు ముఖ్యమైనదిగా తోచుచున్నది. ప్రార్థన ముగియగానే జనులు నిబంధన వ్రాసి ముద్రలు వేసిరి. తరువాత వచ్చునది ముద్ర వేసినవారి పేర్ల పట్టిక. నెహెమ్యా మొదలుకొని యాజకులు, లేవీయులు, ప్రజలలో ప్రధానులు, మొత్తము 84 పేర్లు. భక్తులు దీనిని దాటిపోవుదురు, ఉపన్యాసకులు దీనిని ఎత్తరు, సర్వనామముల పాఠమునకు ఉదాహరణముగా ఈ ప్రార్థనను తరగతిలో చెప్పినపుడు నేనును పలుమార్లు దీనిని దాటిపోయిన వాడనే. కాని ప్రార్థనలోని 'మేము' ఇచటనే విచ్చిపోయి మనుష్యులైనది. సర్వనామమనగా నామమునకు బదులు వచ్చునది. పట్టికలో నామములే తిరిగి వచ్చినవి. దాని క్రింద వారు పూనుకొన్న పనులు గలవు. అన్యజనులతో వియ్యమందరాదు, విశ్రాంతి దినమున సరకులు కొనరాదు, ఏడవ యేట అప్పులను విడిచిపెట్టవలెను, మందిర సేవకు ఏటేట తులములో మూడవ వంతు ఈయవలెను, దేవుని మందిరమును విడిచిపెట్టరాదు. ప్రార్థనలో వినబడని అప్పుల సంగతి ఒడంబడికలో కనబడుట గమనింపదగినది. పట్టికలో మొదటి పేరు అధికారియైన నెహెమ్యాది. ఎజ్రా పేరు దానిలో లేదు.

బహువచనము వ్యక్తిగా విచ్చుటకు ఆధునిక కాలమున ప్రసిద్ధమైన ఉదాహరణము వేల్సు దేశమందలి ఉజ్జీవము. 1904 సెప్టెంబరులో బ్లేనానెర్చ్ అను గ్రామమున జరిగిన కూటములో సెత్ జాషువా అను బోధకుడు, తమ్మందరిని వంచుమని దేవుని బహువచనమున ప్రార్థించెను. గనులలో పనిచేసి చదువునకు వచ్చిన ఇవాన్ రాబర్ట్సు ఆ ప్రార్థనను విని, సర్వనామమును ఏకవచనముగా మార్చి, తన్ను వంచుమని వేడుకొన్నాడు. తరువాత తన ఊరిలో మొదలైన కూటములలో అతడు జనులముందు ఉంచిన నాలుగు షరతులలో మొదటిది తెలిసిన పాపములన్నిటిని ఒప్పుకొనుట. ఈ వార్త మిషనరీల ద్వారా 1905లో ఖాసీ కొండలకును, పండిత రమాబాయి కేడ్గాములో నడుపుచున్న ముక్తి సదనమునకును, 1906లో తెలుగు దేశపు బాప్తిస్టు సంఘములకును చేరి, అట్టి కూటములకు దారితీసినది. 1907 జనవరిలో కొరియాలోని ప్యాంగ్యాంగు నగరమున సంఘమంతయు ఏకకాలమున గొంతెత్తి ప్రార్థించు కూటములలో, సంఘపెద్దయైన కిల్ సన్-జూ లేచి, మరణించిన స్నేహితుని ఆస్తిని చూచు భారము తనపై నుండగా అందలి సొమ్మును తాను తీసికొంటినని ఒప్పుకొన్నాడు. అందరి గొంతులు ఒకటైన చోటునుండి ఒక మనిషి ఒక లెక్కతో బయటికి వచ్చినాడు. నెహెమ్యా గ్రంథమున ముద్రలు చేసిన పని ఇచట ఈ లెక్క చేసినది.

క్రైస్తవ ఆరాధన క్రమములలోను ఈ రెండు పద్ధతులు చిరకాలముగా ఎదురెదురుగా నున్నవి. లాటిను పూజలోని ఒప్పుకోలు ప్రార్థన ఏకవచనము. అందరు కలిసి పలికినను ప్రతివాడును 'నేను' అనియే పలుకును, 'నా తప్పు' అని రొమ్ము కొట్టుకొనును. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకమునందు 1552లో చేర్చిన సామాన్య ఒప్పుకోలు బహువచనము. త్రోవ తప్పిన గొర్రెలవలె అందరును ఒక్క మందగా పలుకుదురు. ఏది మేలని వాదించుట నిష్ప్రయోజనము. ఏకవచనము పొరుగువానిని మరచును, బహువచనము తన్ను మరచును.

గ్రంథపు చివరి అధ్యాయము, 13వది, విచారకరమైనది. నెహెమ్యా అర్తహషస్త 32వ యేట రాజునొద్దకు పోయి కొంతకాలమునకు తిరిగి వచ్చెను. మందిరపు ఆవరణములో శత్రువైన టోబీయాకు యాజకుడే గది యిచ్చియున్నాడు. భాగములు అందక లేవీయులు పొలములకు పోయినారు. విశ్రాంతి దినమున ద్రాక్షగానుగలు త్రొక్కుచున్నారు. తూరువారు చేపలు తెచ్చి అమ్ముచున్నారు. అష్డోదు స్త్రీలను పెండ్లాడినవారి బిడ్డలలో సగము మందికి యూదుల భాష రాదు. ఒడంబడికలో వ్రాసికొన్న ముఖ్య షరతులు దాదాపు అదే పట్టికగా భగ్నమైనవి. మందిరమును విడిచిపెట్టమని 10వ అధ్యాయపు చివర ప్రతిజ్ఞ చేసిరి. మందిరము ఏల విడువబడినదని 13వ అధ్యాయమున నెహెమ్యా అడిగెను. హీబ్రూలో రెండు చోట్లను అదే ధాతువు.

విశ్రాంతి దినమును మీరినందుకు ప్రధానులను మందలించుచు, 18వ వచనమున అతడు 'మీ పితరులు' అను మాట వాడినాడు. మీ పితరులు ఇట్లే చేయలేదా, మనమీదికి కీడు రాలేదా అని అతని ప్రశ్న. కీడు 'మన' అందరిది. పాపము చేసిన పితరులు మాత్రము 'మీ' వారు. 9వ అధ్యాయమున లేవీయుల నోట వారు 'మా పితరులు'. 1వ అధ్యాయమున వారిని తన తండ్రి యింటిలోనే వెదకినవాడు నెహెమ్యా. కోపములో పలికిన మాటకు ఇంత విలువ ఈయరాదని కొందరందురు. నా దృష్టిలో కోపముననే సర్వనామములు నిజము పలుకును. ఒక తండ్రి కొడుకును తిట్టునపుడు భార్యతో 'మీ కొడుకు' అనును. అంతకు ముందు దినము వరకు వాడు 'మన వాడు'.

పిమ్మట అతడు కొందరిని శపించెను, కొందరిని కొట్టెను, వారి వెండ్రుకలు పెరికివేసెను. తప్పు దిద్దవలసినదే, అతని శ్రద్ధయందు సందేహము లేదు. కాని అధ్యాయమంతటను 'మేము పాపము చేసితిమి' అను మాట ఎవరి నోటను రాలేదు. రెండవమారు కూటము లేదు, గోనెపట్టలు లేవు, పఠనము లేదు. ఉన్నవి నెహెమ్యా చేసిన చిన్న ప్రార్థనలు నాలుగు. అందు మూడింట తన్ను జ్ఞాపకముంచుకొనుమని దేవుని వేడుకొనుట, ఒకదానియందు ఎదుటివారి దోషమును జ్ఞాపకముంచుకొనుమనుట. గ్రంథమున కడపటి వాక్యము ఈ ఏకవచనపు వేడుకోలే. మందిరమునకును దాని సేవకును తాను చేసిన మేలులను అతడు అచట పేర్కొన్నాడు. 84 ముద్రలలో మొదటిది తనదే అను సంగతిని మాత్రము ఎత్తలేదు.